బతికున్నట్టు రుజువు

మధ్యాహ్నం మూడింటికి ఆ సందులో పెద్దగా అలికిడి లేదు. కింద తాళాలు బాగుచేసే అతను కుర్చీలో కూర్చునే కునుకు తీస్తున్నాడు. ఎదురు మేడ మీద ఎవరో దుప్పట్లు ఆరేశారు. మూడో అంతస్తు కిటికీలోంచి కుట్టుమిషను చప్పుడొక్కటే ఆగి ఆగి వినిపిస్తోంది. భూతద్దం తలెత్తి ఆ కిటికీ వంక చూశాడు. సంచీ ఈ భుజం మీంచి ఆ భుజానికి మార్చుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టాడు.

అతన్ని ఆఫీసులో అందరూ భూతద్దమనే పిలుస్తారు. చాటుగా కాదు, ముఖం మీదే. అతనూ పలుకుతాడు. ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ వయసున్న మనుషుల జాబితా ఆ ఆఫీసు తయారుచేస్తుంది. మా తాతకు నూట పద్నాలుగేళ్లని ఎవరైనా కాగితాలు పంపితే, అది నిజమో కాదో తేల్చడం అతని పని. పుట్టిన నమోదు, బడి రిజిస్టరు, జనాభా లెక్కలు, పెళ్లి కాగితం, పిల్లల వయసులు అన్నీ పక్కపక్కన పరుచుకుని, కళ్లల్లో వత్తులేసుకుని చూస్తాడు. నూటికి తొంభైమంది అక్కడే దొరికిపోతారు. కొందరిది మతిమరుపు, కొందరిది గొప్పలకు పోవడం, ఇంకొందరు తండ్రి కాగితంతో నెట్టుకొస్తున్న కొడుకులు. ఒకసారి ఒక్క ఏడాది తేడా వచ్చిందని నూట పదకొండేళ్ల వడ్రంగిని జాబితాలోంచి కొట్టేశాడు. ఆ ముసలాయన కూతురు ఫోన్లో ఏడుస్తుంటే, రూలంటే రూలేనమ్మా అన్నాడు. అప్పట్లో ఆ మాట తలుచుకుంటే అతనికి కాస్త గర్వంగా కూడా ఉండేది.

అంతటివాడు ఒక్కచోట చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఇప్పుడు ఎక్కుతున్న మెట్లు ఆ చోటికే.

ఐదేళ్ల కిందటి సంగతి అది. ఈ మూడో అంతస్తు పెద్దావిడ కేసు మీద అతను అంతకుముందే మూడేళ్లు కాళ్లరిగేలా తిరిగాడు. పుట్టిన నమోదు దొరికింది. బడి కాగితం దానితో కలిసింది. పెళ్లి కాగితమూ కలిసింది. గట్టి కేసు సార్ అని ఆఫీసు పెద్దాయనతో చెప్పేశాడు. పెద్దాయన ఊరంతా చాటేశాడు. ఆ తరవాత, వేరే ఎవరి కోసమో పాత మరణాల రిజిస్టరు తిరగేస్తుంటే, అదే పేరు కంటబడింది. అదే తండ్రి, అదే తల్లి, అదే వీధి. ఆడపిల్ల. వయసు నాలుగేళ్లు. జ్వరం.

అతనికి బుర్ర వెలగడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ ఇంట్లో ఆడపిల్లలు ఇద్దరు. పెద్దది పోయింది. చిన్నదానికి అప్పటికి పది నెలలో ఎంతో; దాని పుట్టుక ఎక్కడా రాయించలేదు. పెద్దదాని కాగితం ఎలాగూ ఉంది కదా అని, పేరుతో సహా దాన్నే చిన్నదానికి అంటగట్టారు. పాతరోజుల్లో ఇలాంటివి కోకొల్లలు. అతనే ఇరవైదాకా పట్టుకున్నాడు.

అంటే పెద్దావిడ అసలు వయసు కాగితంలో ఉన్నదానికంటే మూడేళ్లు తక్కువ. మూడేళ్లే కదా, అనుకున్నాడు. ఈ సంగతి బయటపెడితే ఆవిడకంటూ సొంత కాగితం ఒక్కటీ మిగలదు, జాబితాలోంచే పోతుంది, పాపం కదా, అనుకున్నాడు. నిజం చెప్పాలంటే ఇవన్నీ పైపై మాటలు. మూడేళ్లు తిరిగి పప్పులో కాలేశానని పెద్దాయనతో చెప్పడానికి అతనికి నోరు రాలేదు. రిజిస్టరు మూసేశాడు. చింపలేదు, కొట్టేయలేదు, దాచలేదు. కాపీ తీసుకోలేదు, అంతే. పేజీ నంబరు మాత్రం జేబు డైరీలో రాసుకున్నాడు.

ఆ రోజునుంచీ అతనికి మనశ్శాంతి లేదు. నాలుగేళ్లకే కన్నుమూసిన పిల్ల బతికే ఉందని సర్టిఫికెట్టు మీద తను సంతకం పెట్టాడు. అన్నం ముందు కూర్చున్నా, పిల్లలతో కబుర్లు చెబుతున్నా ఆ సంతకం గుర్తొచ్చేది. జాబితాలో పైనున్నవాళ్లు ఒక్కొక్కరే రాలిపోతుంటే పెద్దావిడ పేరు మెట్టు మెట్టుగా పైకొచ్చింది. మొదటి స్థానం దాకా రాకముందే ఈవిడ పోతే బాగుండునని ఒకటి రెండుసార్లు అనుకున్నాడు కూడా. అనుకుని, ఛీ, ఏం మనిషిని నేను, అని తనను తానే తిట్టుకున్నాడు.

పోయినవారం మొదటి స్థానంలో ఉన్నాయన పోయాడు. ఇక లోకంలో అందరికన్నా పెద్దది ఈవిడే. వయసు నూట పదిహేను. రేపు పొద్దున్న ప్రకటన. దానికి ముందు బతికున్నట్టు రుజువు తీసుకోవాలి. అంటే ఆఫీసు మనిషి స్వయంగా వెళ్లి, ఆ రోజు పేపరు చేతికిచ్చి ఫొటో తీసి, చిన్ననాటి ముచ్చట్ల మీద మూడు ప్రశ్నలడిగి, జవాబులు రాసుకుని సంతకం చెయ్యాలి. నేనే వెళతానని భూతద్దం పట్టుబట్టాడు. ఇవాళ ఆ ఇంట్లోవాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పేసి, పెద్దాయనకు ఫోన్ చేసి ఒప్పేసుకోవాలన్నది అతని ఉద్దేశం. మెట్లమీద రెండుసార్లు ఆ మాటలు వల్లెవేసుకున్నాడు కూడా.

తలుపు తీసింది మనవరాలు. ఆవిడకే యాభై దాటాయి. మెడలో కొలతల టేపు, పెదాల మధ్య గుండుసూది. సూది తీసి జాకెట్టుకు గుచ్చుకుని, రండి సార్, పొద్దున్నుంచీ మీకోసమే చూస్తున్నాం అంది. ముందుగదినిండా కుట్టాల్సిన బట్టలు. గోడమీద అద్దాల ఫ్రేములో, అతను సంతకం చేసిన సర్టిఫికెట్టు. అతను దానికి వీపు తిప్పి కూర్చున్నాడు.

టీ ఇస్తూ మనవరాలు గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది. బామ్మ ఈమధ్య అదోలా ఉంటోందట. ఆ సర్టిఫికెట్టు వచ్చిన కొత్తలో నిద్రలో ఏవో గొణిగేదట. ఇప్పుడు పగలు కూడా గొణుగుతోంది. రెండేళ్లుగా మంచం దిగని మనిషి, ఆ మంచంలోనే గోడవైపుకు ముడుచుకుపోయి సగం జాగా ఖాళీగా వదిలేస్తోంది. మధ్యలోకి జరిపితే, వద్దే, కొడుతుంది అంటోంది. ఎవరు కొడతారంటే చెప్పదు. వయసు పైబడితే ఇవన్నీ మామూలేనన్నాడట డాక్టరు.

"మీరు మాట్లాడుతూ ఉండండి సార్. కింద ఒకావిడకు గౌను ఇచ్చి పది నిమిషాల్లో వచ్చేస్తా" అంది మనవరాలు. చెప్పాల్సిన మాట భూతద్దం నాలుకచివరిదాకా వచ్చింది. అలాగేనమ్మా అన్నాడు. ఆవిడ చెప్పుల చప్పుడు మెట్లమీద కిందికి కిందికి వెళ్లిపోయింది.

లోపలిగది ఇరుకు. కిటికీ ఉంది కాని పరదా వేసి ఉంది. ఎండ ఆ పరదాలోంచి వడకట్టినట్టు, మసకగా పడుతోంది. గదిలోకి అడుగుపెట్టగానే అతని ముక్కుకు తగిలింది తడిగుడ్డ వాసన. ఆరని గుడ్డ, జ్వరం మనిషి చెమట కలిసిన వాసన. చుట్టూ చూశాడు. గిన్నె లేదు, గుడ్డ లేదు. మంచం మీద గోడ పక్కగా పెద్దావిడ, చిన్న మూటలా ఉంది. కళ్లు మూసుకునే ఉన్నాయి. మంచంలో ఇవతలి సగం ఖాళీ. దుప్పటి మీద మాత్రం ఎవరో పడుకుని లేచినట్టు చిన్న గుంట ఉంది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఊపిరి చప్పుడు వినిపిస్తోంది. నెమ్మదిగా, బరువుగా, ముసలి ఊపిరి. దాని వెనకే ఇంకోటి. గబగబా, చిన్నగా. తన ఊపిరేనేమోనని బిగబట్టి చూశాడు.

రెండూ వినబడుతూనే ఉన్నాయి.

పని మొదలుపెడితే భయం అదే పోతుందనుకుని, పేపరు ఆవిడ చేతుల్లో పెట్టి ఫొటో తీశాడు. కాగితం, పెన్ను బయటికి తీశాడు. ఐదేళ్ల కిందట ఇవే ప్రశ్నలకు ఆవిడ చెప్పింది బడిగంట గురించి, పలక పగిలితే తిన్న దెబ్బల గురించి. ఆ కాగితం కూడా ఒళ్లో పెట్టుకున్నాడు.

"అమ్మా, మీకు అన్నిటికంటే ముందు గుర్తున్నది ఏంటి?"

పెద్దావిడ పెదాలు కదిలాయి. వచ్చిన గొంతు సన్నగా, స్పష్టంగా ఉంది. పళ్లు లేని నోటి గొంతు కాదది.

"తడిగుడ్డ."

"ఎక్కడ?"

"నుదుటిమీద. నీళ్లు కళ్లలోకి కారుతున్నాయి."

అతని పెన్ను ఆగిపోయింది. రెండో ప్రశ్న కాగితం మీదే ఉంది, అయినా వెతుక్కోవాల్సి వచ్చింది. "పక్కన… ఎవరున్నారు?"

"చెల్లి. దానికీ జ్వరమే. అది ఏడిచింది. అమ్మ దాన్నెత్తుకుంది. నేనూ పిలిచా. వస్తానంది…"

గొంతు ఆగింది. గబగబా ఊపిరి చప్పుడు.

"రాలేదు."

పది నెలల పసిపిల్లకు ఇవి గుర్తుండవు. ఏ పసిపిల్లకూ ఉండవు. నాలుగేళ్ల పిల్లకైతే ఉంటాయి. అంటే రూలు ప్రకారం ఈ జవాబులు సరైనవే. కాగితంలో ఉన్న మనిషే ఇక్కడ ఉన్నట్టు లెక్క. పాతికేళ్ల ఉద్యోగంలో ఇంత గట్టి రుజువు అతనికి ఎప్పుడూ దొరకలేదు.

మూడో ప్రశ్న అడగకుండా లేచి వెళ్లిపోవచ్చు. కాని అలవాటు. నోరు దానంతటదే అడిగేసింది.

"ఆ తరవాత?"

"ఆ తరవాత ఏమీ లేదు. చీకటి. చాలా రోజులు." సన్నగా నవ్వు. "ఆ తరవాత నువ్వు రాశావుగా. బతికే ఉన్నానని."

పెన్ను కిందపడింది. తియ్యడానికి అతను వంగలేదు. మంచం కిందికి చూడాలనిపించలేదు.

కుర్చీ వెనక్కి జరుపుదామనుకునేలోపు, దుప్పటిలోంచి ఎండుపుల్లలాంటి చెయ్యొకటి వచ్చి అతని మణికట్టు పట్టుకుంది. పెద్దావిడ కళ్లు తెరిచి ఉన్నాయి. ఈసారి గొంతు ముసలిదే. వణుకుతూ, సగం గాలితో.

"నాయనా… అది పడుకుంది. మెల్లిగా మాట్లాడు."

అతను తలూపాడు.

"నాకు తెలుసు. మా అమ్మ పోయేముందు చెప్పింది. దాని పేరుమీదే బతికాను. అది పోయింది కదా, ఊరుకుంది. నీ కాగితం వచ్చాక లేచింది. బతికే ఉన్నానట కదా, మరి నా చోటేదీ అంటోంది. రోజూ కాస్త కాస్త లాక్కుంటోంది." పట్టు బిగిసింది. "నన్ను రాయి నాయనా. పేరు లేకపోయినా ఫరవాలేదు. చిన్నది అని రాయి. చిన్నది కూడా ఉండేదని ఎక్కడైనా ఒక్కచోట రాయి. రేపటికైతే దానిదే అయిపోతుంది అంతా. ఇవాళే."

భూతద్దానికి కళ్లు చెమర్చాయి. ఐదేళ్లుగా తను ఆ పోయిన పిల్లకే అన్యాయం చేశాననుకున్నాడు. ఈవిడ సంగతి ఆలోచించనే లేదు. నూటపన్నెండేళ్లు బతికీ, బతికినట్టు ఎక్కడా లేని మనిషి.

"రాస్తానమ్మా. ఇవాళే రాస్తా. ఒట్టు."

మణికట్టు మీద వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. హమ్మయ్య అనుకున్నాడు. అప్పుడు చూశాడు. దుప్పటి మీది ఆ గుంట… లోతవుతోంది. మెల్లగా. మోచేయి ఆనించి ఎవరో లేస్తున్నట్టు. తడిగుడ్డ వాసన అతని ముఖం మీదికి కొట్టింది. వదులైన చెయ్యి వదులైనచోటే మళ్లీ బిగుసుకుంది. ఈసారి అది ఎండుపుల్లలా లేదు. మెత్తగా ఉంది. కాలిపోతోంది.

"ఏం రాస్తానన్నావు?" అంది చిన్న గొంతు, అతని చెవి పక్కనే.

ముందుగదిలోకి ఎలా వచ్చిపడ్డాడో అతనికి తెలీదు. మిషను బల్ల పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే పైకొచ్చిన మనవరాలు, ఏంటి సార్ అలా ఉన్నారంటూ గబగబా మంచినీళ్లు తెచ్చింది. ఆవిడ ముఖం వెలిగిపోతోంది. సందులోవాళ్లంతా రేపు పూలు తెస్తామంటున్నారట. చిన్నప్పటినుంచీ మమ్మల్ని ఎవరూ లెక్కచెయ్యలేదు సార్, రేపు మా బామ్మ కోసం పత్రికలవాళ్లు ఈ మెట్లెక్కుతారు, అంది. అంటూ చీరకొంగుతో కళ్లొత్తుకుంది.

ఇప్పుడు చెప్పాలి. ఇప్పుడే. భూతద్దం నీళ్లు తాగాడు, గ్లాసు కిందపెట్టాడు, గొంతు సవరించుకున్నాడు. ఆవిడ అతని ముఖంలోకే చూస్తోంది.

"సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తా. మీరూ ఒకటి పెట్టండి" అన్నాడు.

మెట్లు దిగుతుండగా పెద్దాయన ఫోను. అంతా సరిగ్గా ఉందా అని అడిగాడు. సరిగ్గానే ఉంది సార్, జవాబులు చాలా బాగా వచ్చాయి, అన్నాడు భూతద్దం. భయపడి అలా అన్నానని ఆ రాత్రి తనకు తాను చెప్పుకోబోయాడు. అదీ అబద్ధమే. భయం లోపలిగదిలోనే ఉండిపోయింది. మెట్లమీద తనతో దిగింది సిగ్గు. పాతికేళ్ల పేరు ఒక్క ఫోన్ కాల్లో పోతుందన్న సిగ్గు. ఇవాళే అని ఒట్టేసిన మనిషి, రేపు ప్రకటన అయ్యాక చూద్దాంలే అనుకున్నాడు.

ప్రకటన అయింది. పేపర్లలో ఫొటో వచ్చింది. ఫొటోలో పెద్దావిడ నవ్వుతోంది. ఆఫీసులో అతనికి అందరూ చేతులు కలిపారు. ఒకడు భుజం తట్టి, నీ కళ్లకు దండం పెట్టాలిరా భూతద్దం అన్నాడు. అతనికి మాత్రం రాయి నాయనా అన్న మాట చెవిలో గింగురుమంటూనే ఉంది. మూడోరోజు పొద్దున్నే లేచి, ఇక పరువు పోతే పోయిందనుకుని, రికార్డుల ఆఫీసుకు బయలుదేరాడు. మరణాల రిజిస్టరు కాపీ తీసుకుని తిన్నగా పెద్దాయన బల్లమీద పెట్టాలి. ఉద్యోగం పోయినా సరే, చిన్నది ఉండేదని రాసి తీరాలి. అలా అనుకున్నాక ఐదేళ్లలో మొదటిసారి అతని గుండె కాస్త తేలికపడింది.

రికార్డుల గుమాస్తా రిజిస్టరు మోసుకొచ్చి బల్లమీద దించాడు. మీరు చూసి వెళ్లాక దీన్ని ముట్టుకున్నవాడు లేడు సార్, ఈ దుమ్మే సాక్ష్యం, అంటూ తుమ్మాడు. భూతద్దం జేబు డైరీ తీసి నంబరు సరిచూసుకుని పేజీ తిప్పాడు. అదే పేజీ. అదే వరస. అదే వంకర చేతిరాత, అదే గోధుమరంగుకు తిరిగిన సిరా. అదే తండ్రి, అదే తల్లి, అదే వీధి. జ్వరం.

ఆడపిల్ల. వయసు పది నెలలు. పేరు గడిలో, పెట్టలేదు, చిన్నది, అని ఉంది.

మళ్లీ చదివాడు. వేలు పెట్టి చదివాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో చూశాడు. గీకిన గుర్తు లేదు, దిద్దిన గుర్తు లేదు. నూరేళ్లు దాటిన సిరా కాగితంలోకి ఇంకిపోయి ఉంది. ముందు పేజీలు తిప్పాడు, వెనక పేజీలు తిప్పాడు. నాలుగేళ్ల పిల్ల ఎక్కడా లేదు. ఆవిడ అడిగినట్టే చిన్నదాన్ని ఒకచోట రాశారు. ఈ పుస్తకంలో రాశారు. తను ఆ రోజే రాసి ఉంటే ఇంకో పుస్తకంలో ఉండేది.

కాపీ కావాలా సార్ అని గుమాస్తా అడుగుతున్నాడు. భూతద్దం రిజిస్టరు మూసేశాడు. ఎవరికి చెప్పాలి, ఏం చూపించి చెప్పాలి? ఆవిడ బతికిందని తెలిసిన మనిషి ఇక లోకంలో తనొక్కడే. తన మాటకు రుజువు లేదు. రుజువు లేని మాట తనే అయినా ఒప్పుకోడు.

జేబులో ఫోను మోగింది. మనవరాలు. పలకరింపులయ్యాయి. బామ్మ ఎలా ఉందని అతను అడగాల్సి వచ్చింది.

బ్రహ్మాండంగా ఉందట. మంచం మధ్యలోనే పడుకుంటోందట, హాయిగా, కాళ్లు బారజాపుకుని. గొణుగుడు పూర్తిగా మానేసింది. నిన్న మాటల్లో చెప్పిందట, తనకొక చెల్లెలుండేదని, పసిగుడ్డుగా ఉన్నప్పుడే జ్వరంతో పోయిందని. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఆ ఊసే ఎత్తలేదు సార్, విచిత్రం కదూ, అంది మనవరాలు. భూతద్దం గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. క్షమించమ్మా, అనుకున్నాడు. ఆ అమ్మకు పేరు లేదు.

అవతల మనవరాలు గొంతు బాగా తగ్గించింది.

"సార్… ఒక్క సంగతి. ఎవరితో అనకండి. బామ్మ గౌను పొట్టిదయిపోయింది."

"ఉతికితే ముడుచుకుపోయి ఉంటుందమ్మా."

"నేనూ అదే అనుకున్నా. ముప్పై ఏళ్లుగా కుడుతున్నా సార్, నా కొలత తప్పదు. టేపు పెట్టి చూశా. ఈ మూడు రోజుల్లో రెండంగుళాలు పెరిగింది." ఆవిడ ఊపిరి తడబడింది. "పొద్దున్నుంచి ఇది నాలుగోసారి… తనే మంచం దిగి వచ్చి, గోడకు ఆనుకుని నిలబడుతోంది. మళ్లీ కొలవమని."